మట్టికుండలో దాచిన పత్రం: వేధింపులకు సాక్ష్యం నిలబెట్టుకోవడం

(యువజన కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

బెంగళూరు, కోలారు గనుల నుంచి, చెన్నై నుంచి, బరంపురం, రాయగడ నుంచి, ముంబై, షోలాపూర్ నుంచి, యానాం నుంచి వచ్చారు. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం కొంచెం కష్టం. అందుకని వాక్యభాగం నేనే కథలా చెబుతాను.

యిర్మీయా గ్రంథం 32వ అధ్యాయం. యెరూషలేమును బబులోను సైన్యం ముట్టడి వేసింది. యిర్మీయా రాజు కాపలాలో ఖైదీగా ఉన్నాడు. అలాంటి సమయంలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం ఉంది, కొనుక్కో అన్నాడు. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షులను పిలిపించి సంతకాలు పెట్టించాడు. పత్రాలు రెండు. ఒకటి ముద్ర వేసి మూసినది, ఇంకొకటి తెరిచి ఉన్నది. రెండింటినీ అందరూ చూస్తుండగా బారూకు చేతికిచ్చి, చాలా కాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టించాడు.

ఈ అధ్యాయం మీద మనం నిరీక్షణ గురించే ప్రసంగిస్తాం. నేనూ అలాగే చేశాను. ఇవాళ మట్టుకు ఆ కుండ గురించే మాట్లాడతాను. ఊరు కూలిపోతోంది, రేపు ఏ అధికారి ఉంటాడో తెలియదు. అయినా ఆయన కాగితం పని ఒక్కటీ వదల్లేదు. ప్రవక్తను కదా, నా మాట చాలదా అనలేదు. దేవుణ్ణి నమ్మాడు, సాక్షులనూ పిలిపించాడు.

మన సంఘాల్లో ‘సాక్ష్యం’ అనే మాట తెగ వాడతాం. ఆదివారం ఆరాధనలో లేచి, ‘నేను ఎంతో బాధలో ఉన్నాను, మనుషులు నన్ను చాలా హింసించారు, ప్రభువు విడిపించాడు’ అంటాం. అందరూ ఆమేన్ అంటారు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఏమని తిట్టారు, పక్కన ఎవరున్నారు అని ఎవరూ అడగరు. అడిగితే బాగోదు కూడా. కాలేజీ కమిటీ ముందు, పోలీస్ స్టేషన్లో, కోర్టులో మాత్రం సరిగ్గా ఆ నాలుగే అడుగుతారు. మన పిల్లలు అక్కడికి వెళ్ళి ఆదివారం సాక్ష్యమే చెప్పి వస్తారు. ‘వాడు నన్ను చాలా టార్చర్ పెట్టాడు సార్’ అంటారు. నిజమే. కానీ స్టేషన్ రైటరుకి అందులో రాసుకోడానికి ఏమీ దొరకదు.

ఆధారం నిలవకపోతే ఏమవుతుందో ఒడిశా నుంచి వచ్చినవారికి బాగా తెలుసు. 2008 కంధమాల్ దాడుల మీద నమోదైన 827 కేసుల్లో 315 చార్జిషీటు దాకానే రాలేదు. విచారణ ముగిసిన 362 కేసుల్లో శిక్ష పడినవి 78. ఇది 2016లో సుప్రీంకోర్టు తీర్పులో ఉన్న లెక్క. అక్కడ బాధితులను తప్పుపట్టడానికి లేదు. ఇళ్ళే తగలబడ్డాయి, సాక్షులు ప్రాణభయంతో ఉన్నారు. ఊరంతా చూసిన హింసకే అలా అయితే, తలుపు వేసిన హాస్టల్ గదిలో జరిగినదానికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

వివరాలు మార్చి ఒక సంగతి చెబుతాను. కర్ణాటకలో నర్సింగ్ చదువుతున్న మన అమ్మాయి. ప్రాక్టికల్స్ చూసే ఒకాయన రాత్రిళ్ళు మెసేజ్‌లు పెట్టేవాడు. మొదట ‘తిన్నావా’. తర్వాత ‘ఫోటో పంపు’. ఆ తర్వాత ‘నీ మార్కులు నా చేతిలో ఉన్నాయి’. కొన్ని నెలలు ఓర్చుకుని ఇంట్లో చెప్పింది. అమ్మానాన్నలు సంఘ పెద్ద దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన మంచివాడే. ప్రార్థన చేసి, ‘ఆ పాడు మాటలు ఫోన్లో ఎందుకమ్మా, తీసెయ్యి, మనసు శుభ్రపడుతుంది’ అన్నాడు. ఆ పిల్ల ఆయన ఎదుటే చాట్ అంతా తీసేసి నంబరు బ్లాక్ చేసింది. రెండు నెలలకు ఇంటర్నల్ మార్కులు కోసేశాడు. అప్పుడు ఫిర్యాదు చేద్దామంటే చూపించడానికి ఒక్క ముక్క లేదు. ఆయన మాత్రం ఆమె మర్యాదకు పెట్టిన ‘గుడ్ మార్నింగ్ సార్’లన్నీ ఏరి కమిటీకి చూపించాడు. కమిటీ ఆయనకు ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంది.

పెద్దలారా, ఇది మీతో. ఆ మనిషిని క్షమించాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ప్రభువు ఎదుట తేల్చుకుంటుంది. తేల్చుకోవడానికి ఆమెకు సమయం కావాలి. ఆధారం చెరిపేయించామంటే ఆమె తరఫున మనమే తీర్పు చెప్పేసినట్టు. దయచేసి ఎవరినీ ఏదీ తీసెయ్యమని చెప్పకండి.

ఇక పని సంగతి. ముందుగా ఒక నోటుపుస్తకం కొనండి. స్పైరల్ ది వద్దు, పేజీ చింపినా తెలియదు. కుట్టు బైండింగ్ ఉన్నది తీసుకుని పేజీలకు నంబర్లు వేయండి. జరిగిన రోజు రాత్రే రాయండి. పెన్నుతో రాయండి, కొట్టివేస్తే ఒక గీత చాలు, వైట్నర్ పూయవద్దు. మధ్యలో ఖాళీ పేజీలు వదలవద్దు. జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడు స్వయంగా రాసుకున్న రాతను, రెండేళ్ళ తర్వాత కోర్టు బోనులో చూసుకుని చెప్పడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆరు నెలల సంగతులు ఒకే రాత్రి, ఒకే పెన్నుతో కూర్చుని రాస్తే అవతలి లాయరు ఇట్టే పట్టుకుంటాడు.

ఎలా రాయాలంటే: ‘మంగళవారం’, తేదీ, ‘రాత్రి 9.40, హాస్టల్ రెండో అంతస్తు, నీళ్ళ కూలర్ దగ్గర. నా ప్లేటు లాక్కుని కింద పడేశాడు. ఈ మాట అన్నాడు. అక్కడ ఫలానా ఇద్దరు ఉన్నారు. నేను ఏమీ అనలేదు. గదికి వెళ్ళి 10 గంటలకు అక్కకి ఫోన్ చేశాను.’ అంతే. ‘వాడు రాక్షసుడు’ లాంటివి ఆ పుస్తకంలో వద్దు, అవి ప్రార్థనలో చెప్పుకోండి. మీరు ఎదురు తిట్టి ఉంటే అదీ రాయండి. దాచారని తేలితే మిగతా పేజీలను కూడా ఎవరూ నమ్మరు. ఆ రాత్రే మీ ఫోన్ అందుకున్న అక్క కూడా ఒక సాక్షి. ఆమె చూసింది చెప్పలేదు గానీ, ఎన్ని గంటలకు మీరు ఏడుస్తూ ఏం చెప్పారో చెప్పగలదు.

ఈ కూటంలో ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది, భాష. మనల్ని తిట్టే తిట్లు అక్కడి భాషలో ఉంటాయి. చెన్నైలో, బెంగళూరులో మనవాళ్ళను ‘గొల్టి’ అంటారు. ‘తెలుగువాడినని అవమానించాడు’ అని రాయకండి, గొల్టి అన్నాడనే రాయండి. తమిళంలో అంటే ఆ తమిళ మాటే తెలుగు లిపిలో రాసి, కింద అర్థం రాయండి. మరాఠీ అయినా, ఒడియా అయినా అంతే. మీరు రాసిన అర్థంలో కాదు, వాడు అన్న మాటలోనే నేరం ఉంటుంది. నోటికి రాని బూతైనా సరే. పాస్టరుగా చెబుతున్నాను, ఆ పుస్తకంలో బూతు రాస్తే పాపం కాదు.

భాష మీద, ప్రాంతం మీద ఏడిపించడం చిన్న సంగతి అనుకుంటారు. యూజీసీ 2009లో ర్యాగింగ్ నిరోధక నిబంధనలు తెచ్చింది. 2016లో వాటిని సవరించి మతం, కులం, ప్రాంతం, భాషా గుర్తింపు, పుట్టిన చోటు, ఆర్థిక స్థితి కారణంగా ఏడిపించడం, వెలివేయడం కూడా ర్యాగింగే అని చేర్చింది. కాబట్టి గొల్టి అన్న మాట, తేదీతో సహా, ఆ నిబంధనల కిందికి వస్తుంది. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. ఫోన్ చేసినప్పుడు వాళ్ళిచ్చే ఫిర్యాదు నంబరు కూడా పుస్తకంలో ఎక్కించండి.

తమిళనాడు వారికి నావరసు పేరు గుర్తుండాలి. 1996లో అన్నామలై విశ్వవిద్యాలయంలో సీనియర్ చేతిలో హత్యకు గురైన మొదటి సంవత్సరం వైద్య విద్యార్థి. ఆ తర్వాతే 1997లో తమిళనాడు ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కింది కోర్టు 1998లో శిక్ష వేసింది, హైకోర్టు 2001లో కొట్టేసింది, సుప్రీంకోర్టు 2011లో మళ్ళీ నిలబెట్టింది. హత్య కళ్ళారా చూసినవాళ్ళు లేరు. చివరిసారి ఎవరితో కనిపించాడు, ఏ వస్తువు ఎక్కడ దొరికింది, ఇలా చిన్న చిన్న ముక్కలన్నీ గొలుసులా కలిశాయి కాబట్టి నిలబడింది. ‘చూసినవాళ్ళు లేరుగా’ అని ఊరుకునేవాళ్ళకు ఇది చెప్పండి.

ఇప్పుడు ఫోన్. యిర్మీయా దగ్గర మూసిన పత్రం ఒకటి, తెరిచినది ఒకటి ఉన్నాయని చెప్పాను కదా. మీ ఫోన్‌లో ఉన్న అసలు చాట్ మూసిన పత్రం. స్క్రీన్‌షాట్లు, ప్రింట్లు తెరిచిన పత్రాలు. అందరికీ చూపించేది తెరిచినదాన్నే. అనుమానం వచ్చినప్పుడు కోర్టు అడిగేది మూసినదాన్ని. అందుకని కేసు తేలేదాకా ఆ ఫోన్ అమ్మవద్దు, ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వవద్దు, రీసెట్ చేయవద్దు. తెర పగిలినా దాచండి.

స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పైన ‘వార్డెన్ సార్’ అని పేరు మాత్రమే కనిపిస్తుంది. ఆ పేరు మీరు సేవ్ చేసుకున్నది, ఎవరి నంబరుకైనా పెట్టుకోవచ్చు. పేరు మీద నొక్కితే వచ్చే పేజీలో నంబరు కనిపిస్తుంది, దాన్నీ తీయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో అయితే యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు రెండూ రాసుకోండి. తేదీ కనిపించేలా, ముందు వెనక మెసేజ్‌లు వచ్చేలా వరసగా తీయండి. మీరిచ్చిన జవాబులు కత్తిరించవద్దు. ఎర్ర గీతలు, బాణాలు గీయవద్దు, గీయాలంటే వేరే కాపీ మీద గీయండి. వాట్సాప్‌లో ఎక్స్‌పోర్ట్ చాట్ అని ఉంటుంది, దాంతో మొత్తం మీ ఈమెయిల్‌కు పంపుకోండి. మాయమయ్యే మెసేజ్‌లు పెట్టి ఉన్నాడేమో చూసుకోండి, అలాగైతే ఆ క్షణమే ఇంకో ఫోన్‌తో తెరను ఫోటో తీయండి. ఇవన్నీ అయ్యాక బ్లాక్ చేయండి. ముందు చేయవద్దు.

చట్టం ఏమంటుందో కూడా తెలియాలి. 2024 జులై 1 నుంచి పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం 2023 అమల్లోకి వచ్చింది. అందులో 63వ సెక్షన్ ఫోన్, కంప్యూటర్, కెమెరా కాపీల గురించి. పాత లాయర్లు ఇప్పటికీ 65బి అనే అంటారు, అదే ఇది. ప్రింటో, పెన్‌డ్రైవో ఇచ్చేటప్పుడు దాంతో ఒక సర్టిఫికెట్ జత చేయాలి. అందులో రెండు భాగాలు. మొదటిది ఫోన్ ఎవరి అధీనంలో ఉందో వాళ్ళు నింపాలి. కంపెనీ, మోడల్, రంగు, ఐఎంఈఐ నంబరు, ఫైలు హ్యాష్ విలువ అడుగుతారు. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఫైల్లో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. రెండో భాగం నిపుణుడు నింపాలి. అది లాయరో, దర్యాప్తు చేసే అధికారో చూసుకుంటారు. మీ పని ఐఎంఈఐ నంబరు ఇవాళే రాసి పెట్టుకోవడం, ఫోన్ పోకుండా చూసుకోవడం. ఫోన్ డయలర్‌లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే ఆ నంబరు కనిపిస్తుంది.

సీసీ కెమెరా దృశ్యాలు మీ చేతిలో ఉండవు. పైగా చాలా చోట్ల కొన్నాళ్ళకు పాతవి వాటంతటవే చెరిగిపోతాయి. జరిగిన మర్నాడే ప్రిన్సిపాల్‌కో, మేనేజరుకో కాగితం రాయండి: ఫలానా తేదీ, ఫలానా సమయం, ఫలానా కెమెరా దృశ్యాలు చెరపకుండా ఉంచండి అని. రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. వాళ్ళు ఇవ్వకపోతే ఏం లాభం అనకండి. మహారాష్ట్రలో జాల్నా ఎన్నిక మీద నడిచిన ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లో రెండు మాటలు చెప్పింది. కాపీ ఇస్తే సర్టిఫికెట్ తప్పనిసరి, అసలు పరికరాన్నే దాని యజమాని కోర్టుకు తెచ్చి చూపిస్తే అక్కర్లేదు. రెండోది, సర్టిఫికెట్ కోసం చేయగలిగినదంతా చేసినా అధికారులు ఇవ్వనప్పుడు ఆ భారం అడిగినవాళ్ళ మీద మోపకూడదు. ఆ కేసులో పదేపదే అడిగినట్టు కాగితాలున్నాయి. నోటితో అడిగి ఉంటే?

రికార్డింగ్ చేయవచ్చా అని ప్రతి కూటంలో అడుగుతారు. మీతో మాట్లాడుతున్న మాటను మీరు రికార్డు చేసుకుంటే, అది రహస్యంగా చేశారన్న ఒక్క కారణంతో కోర్టు పక్కన పెట్టదు. 1972లో మల్కాని కేసు నుంచి ఉన్న మాట ఇది. గొంతు ఎవరిదో తేలాలి, మధ్యలో కత్తిరింపు ఉండకూడదు. కానీ వేరే ఇద్దరు మాట్లాడుకుంటుంటే దొంగచాటుగా వినడం, ఎవరి ఫోనో తెరిచి చూడటం, పాస్‌వర్డ్ దొంగిలించడం నేరం. న్యాయం కోసం చేశామన్నా నేరమే.

ఒక హెచ్చరిక, గట్టిగా చెబుతున్నాను. ఎవరిదైనా నగ్న చిత్రమో వీడియోనో తిరుగుతుంటే ‘ఆధారం కోసం’ అని యూత్ గ్రూపులో పెట్టవద్దు, పాస్టరు గారికి కూడా పంపవద్దు. పంపడమే ఐటీ చట్టం కింద నేరం. మైనరుది అయితే మీ దగ్గర ఉంచుకోవడమూ నేరమే. ఎవరి నుంచి, ఏ గ్రూపులో, ఎన్ని గంటలకు వచ్చిందో రాసుకుని, ఫోన్‌తో నేరుగా పోలీసు దగ్గరికి వెళ్ళండి.

దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. ‘మెట్ల మీంచి పడ్డాను’ అని సిగ్గుపడి చెప్పవద్దు, ఆ మాట చీటీలో ఎక్కితే తర్వాత దాన్ని చెరపలేరు. కమిలిన చోటును ఆ రోజూ, మర్నాడూ, మూడో రోజూ ఫోటో తీయండి, ఒక ఫోటోలోనైనా ముఖం కనిపించాలి.

పని చోట సంగతి. బెంగళూరులో రోడ్లు ఊడ్చే పౌరకార్మికుల్లో మన తెలుగు దళిత స్త్రీలు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, మీ అమ్మలే. లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013 కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్ళకూ వర్తిస్తుంది. 10 మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా తక్కువైతే, లేక యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. కారణం చూపితే ఇంకో 3 నెలలు పెంచవచ్చు. ఆరు ప్రతులు, సాక్షుల పేర్లు, చిరునామాలతో. చదువురాని అమ్మలకు మీరే రాసి పెట్టండి, ఆమె చెప్పిన మాటల్లోనే. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అబద్ధపు ఫిర్యాదని చర్య తీసుకోకూడదని ఆ చట్టమే చెబుతోంది. మేస్త్రి బెదిరిస్తే ఈ ముక్క చెప్పండి.

స్టేషన్‌కు వెళ్ళినప్పుడు ఫిర్యాదు కన్నడంలోనో మరాఠీలోనో రాస్తారు. సంతకం పెట్టేముందు చదివి వినిపించమనండి, అది మీ హక్కు. తెలుగులో మీరు రాసుకున్నదాన్ని కూడా జత చేసి ఇవ్వండి. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. కాకినాడ కాలేజీలో జరిగినదానికి యానాం స్టేషన్లో కూడా నమోదు చేయాలి. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపండి, ఆ రసీదు కూడా కుండలోకే. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు, నంబరు 15100.

ఇప్పుడు మనకు నొప్పి కలిగించే సంగతి. కులం పేరుతో తిడితే ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉందిగా అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. ఒక పాస్టరు పెట్టిన అలాంటి కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ కారణంతోనే కొట్టేసింది. గిరిజన క్రైస్తవులకు ఈ అడ్డు లేదు. రాయగడ, కోరాపుట్ వైపు మనవాళ్ళు గుర్తుపెట్టుకోండి. ఈ ఉత్తర్వు అన్యాయమని మన సంఘం చాలాకాలంగా చెబుతోంది, చెబుతూనే ఉంటుంది. కానీ అది మారేదాకా తిట్లు ఆగవు కదా. అందుకని ఫిర్యాదులో మతం దాచవద్దు, అబద్ధం కేసును మింగేస్తుంది. జరిగినదంతా రాయండి: కొట్టాడా, బెదిరించాడా, దారి కాచాడా, ఆడపిల్లను అసభ్యంగా అన్నాడా. వాటికి న్యాయ సంహితలో వేరే సెక్షన్లున్నాయి, వాటికి కులధృవీకరణ పత్రం అడగరు. కులం పేరుతో అన్న మాటను మాత్రం వదలకుండా ఉన్నదున్నట్టు రాయండి, ఎవరెవరు విన్నారో రాయండి. ఏ సెక్షన్ వర్తిస్తుందో తేల్చేది కోర్టు. మీరు రాయని మాటను కోర్టు కూడా వినలేదు.

ఇంకొక్కటి, మన ఇంటి సంగతి. వేధించేవాడు బయటివాడే అనుకోకండి. సండే స్కూల్లో, గాయక బృందంలో, పాస్టరు ఇంట్లో కూడా జరుగుతుంది. 18 ఏళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసుకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. పాస్టరుకు మినహాయింపు లేదు. కమిటీ వేసి ఆ బిడ్డను పదిమంది పెద్దల ముందు ప్రశ్నలు అడగవద్దు. బిడ్డ చెప్పిన మొదటి మాటలు అవే మాటల్లో రాసుకుని ఆపేయండి. అడిగిన కొద్దీ బిడ్డ మాట మారుతుంది, మారిన మాటను అవతలి లాయరు వాడుకుంటాడు. 1098కి ఫోన్ చేయండి. అలాగే, ఎవరి మీదో కోపంతో లేనిది ఉన్నట్టు రాసేవాళ్ళకు నేను తోడు రాను. నాబోతు ద్రాక్షతోట పోయింది, ప్రాణం పోయింది ఇద్దరు దొంగ సాక్షుల వల్లే.

సర్టిఫికెట్ నమూనా, కెమెరా దృశ్యాలు ఉంచమని అడిగే ఉత్తరం నమూనా తెలుగు, కన్నడ, తమిళం, మరాఠీ, ఒడియాల్లో జెరాక్స్ తీయించి బయట బల్ల మీద పెట్టాం. ఒక్కొక్కరు రెండేసి తీసుకోండి, ఒకటి మీకు, ఒకటి మీ హాస్టల్లో పక్క మంచం వాళ్ళకు. భోజనాల తర్వాత లాయరు అక్క ఇద్దరు ఇక్కడే ఉంటారు. అందరిలో అడగలేనివి వాళ్ళ దగ్గర విడిగా అడగవచ్చు, ఫోన్ తీసుకెళ్ళండి. ఏదీ తీసేయకుండా తీసుకెళ్ళండి.